ప్రెజెంట్: పలికేదెలా, సిలబుల్స్ ఎన్ని, ఎక్కడ విరవాలి

హైదరాబాద్‌లో ఒక రోజంతా చెవి పెట్టి వింటే 'ప్రెజెంట్' అనే మాట ఎన్ని చోట్ల వినపడుతుందో! బడిలో పేరు పిలవగానే 'ప్రెజెంట్ మేడమ్'. ఫోన్లో 'ప్రెజెంట్ ఉప్పల్‌లో ఉన్నా అన్నా, గంటలో వస్తా'. బ్యాంకు కౌంటర్ దగ్గర 'చెక్కు ఎప్పుడు ప్రెజెంట్ చేశారు సార్?' ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో సినిమా పోస్టర్ మీద బ్యానర్ పేరు పక్కన 'ప్రెజెంట్స్'. తెలుగులో రాస్తే అన్నీ ఒకేలా ఉంటాయి. ఇంగ్లిష్‌లోనూ స్పెల్లింగు ఒక్కటే. కానీ ఇంగ్లిష్ నోటికి ఇవి రెండు వేర్వేరు మాటలు. మొదటి రెండింట్లో బరువు ముందు పడుతుంది, చివరి రెండింట్లో వెనక పడుతుంది. వరుస చివర చోటు చాలక పదాన్ని విరవాల్సి వస్తే, విరిచే చోటు కూడా మారుతుంది.

పిల్లలతో ఇంగ్లిష్ గట్టిగా చదివించే తల్లిదండ్రులకు, టీచర్లకు, స్కూల్ మ్యాగజైన్లో సావనీర్లో కూర్చే డీటీపీ వాళ్లకు ఈ ఒక్క మాట బాగా తెలిస్తే, ఇలాంటివే ఓ పాతిక మాటలు వాటంతటవే దారికొస్తాయి. చాలామంది స్పెల్లింగు దగ్గర మొదలుపెడతారు. అచ్చులు లెక్కపెట్టి మధ్యలో గీత పెట్టేస్తారు. ఈ మాట దగ్గర ఆ పద్ధతి పనికిరాదు. ముందు అర్థం తేలాలి, దాన్నిబట్టి ఊనిక (పలికేటప్పుడు ఒక ముక్క మీద పడే బరువు), ఊనికను బట్టి సిలబుల్ (ఒక్క అచ్చుతో పలికే ముక్క), అన్నిటికన్నా చివర గీత. ఈ వరుస తప్పితే ఏదో ఒకచోట తేడా కొడుతుంది.

రాతలో తికమక లేకుండా ఒక ఏర్పాటు చేసుకుందాం. ముందు ముక్క మీద బరువుంటే 'ప్రెజంట్' అని, వెనక ముక్క మీద ఉంటే 'ప్రిజెంట్' అని రాస్తాను.

మొదటి మెట్టు: అర్థం తేల్చుకోండి

ఈ మాట లాటిన్ నుంచి పాత ఫ్రెంచ్ మీదుగా ఇంగ్లిష్‌లోకి వచ్చింది. లాటిన్‌లో 'ప్రే' అంటే ముందు, 'ఎస్సె' అంటే ఉండటం. ఎదుట ఉండటం అన్నమాట. ఇప్పుడున్న అర్థాలన్నీ అక్కడి నుంచి పుట్టినవే. మనిషి ఎదుట ఉంటే హాజరు. కాలం ఎదుట ఉంటే వర్తమానం. ఒక వస్తువును ఒకరి ఎదుట ఉంచడం అనే పాత ఫ్రెంచ్ వాడుక నుంచి కానుక అనే అర్థం వచ్చింది. ఆ ఉంచే పనే క్రియ: సమర్పించడం, చూపించడం, పరిచయం చేయడం.

మన 'హాజరు' కథ కూడా ఇలాంటిదే. అరబీ నుంచి ఫారసీ, ఉర్దూల మీదుగా మనకు వచ్చిన 'హాజిర్' అంటే ఎదుట ఉన్నవాడు. 'హుజూర్' కూడా ఆ ధాతువు నుంచి వచ్చిందే, దానికి అసలు అర్థం సమక్షం. కాబట్టి తెలంగాణ పిల్లలకు ఈ మాట మూలం చెప్పాలంటే లాటిన్ దాకా పోనక్కర్లేదు. హాజరు పట్టీ, హుజూరాబాద్, హుజూర్‌నగర్ చాలు.

అర్థాల్లో అందరూ తడబడేది ఒకచోట ఉంది. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మినిట్స్ రాసేవాళ్లు దీన్ని కాస్త నిదానంగా చదవాలి. 'ద మెంబర్స్ ప్రెజంట్' అంటే ఆ రోజు మీటింగుకు వచ్చిన సభ్యులు. 'ద ప్రెజంట్ మెంబర్స్' అంటే ఇప్పుడు సభ్యులుగా ఉన్నవాళ్లందరూ, మీటింగుకు వచ్చినా రాకపోయినా. అరవై ఫ్లాట్లున్న చోట ఇరవై మంది వచ్చి ఒక తీర్మానం చేశారనుకోండి. 'వచ్చినవాళ్లంతా ఒప్పుకున్నారు' అని రాయబోయి విశేషణాన్ని ముందు పెడితే 'ఇప్పటి సభ్యులంతా ఒప్పుకున్నారు' అయి కూర్చుంటుంది. రేపు మెయింటెనెన్స్ పెంపు మీద గొడవ వస్తే ఆ ఒక్క వాక్యమే పట్టుకుంటారు. హాజరు అనే అర్థం కావాలంటే ఈ విశేషణాన్ని నామవాచకం తర్వాత పెట్టండి, ఇప్పటి అనే అర్థం కావాలంటే ముందు పెట్టండి.

క్రియగా వచ్చినప్పుడు సందర్భాన్ని బట్టి తెలుగు మారుతుంది. మెమెంటో అయితే బహూకరించడం, పిటిషన్ అయితే దాఖలు చేయడం, బిల్లు అయితే ప్రవేశపెట్టడం, ప్రోగ్రామ్ అయితే సమర్పించడం. చెక్కును ప్రిజెంట్ చేయడమంటే డబ్బు కోసం బ్యాంకు ముందు పెట్టడం. 2012 ఏప్రిల్ 1 నుంచి రిజర్వ్ బ్యాంక్ నిబంధన ప్రకారం చెక్కు మీద వేసిన తేదీ నుంచి మూడు నెలల్లోపు ఆ పని చేయాలి, అంతకుముందు ఆరు నెలల గడువుండేది. డాక్టర్లు కేస్ షీట్లో 'పేషెంట్ ప్రిజెంట్స్ విత్ ఫీవర్' అని రాస్తే జ్వరం లక్షణంతో వచ్చారని అర్థం. జ్వరాన్ని ఎవరూ కానుకగా ఇవ్వడం లేదు కదా అని పిల్లలకు చెబితే ఆ వాడుక ఇక మరిచిపోరు.

పెళ్లిళ్లలో మనం 'ప్రెజెంటేషన్' అనేది ఇంగ్లిష్ వాళ్లకు 'ప్రెజంట్' మాత్రమే. అక్కడ ప్రెజెంటేషన్ అంటే ఇచ్చే కార్యక్రమం, లేదా ఆఫీసులో స్లైడ్లు వేసి వివరించడం. చదివింపులు అనే చక్కటి మాట మనకుండగా అది వాడుకోవడమే మేలని నా అభిప్రాయం.

రెండో మెట్టు: నామవాచకమా, క్రియా?

ఇంగ్లిష్ వాక్యంలో ఈ మాటకు ముందు 'టు', 'విల్', 'కెన్' లాంటివి ఉంటే క్రియ. 'ఎ', 'ద', 'మై' ఉంటే నామవాచకమో విశేషణమో. చివర 'ఎడ్', 'ఇంగ్' తగిలితే క్రియే.

తెలుగువాళ్లకు ఇంతకన్నా సులువైన పరీక్ష ఉంది. మాట పక్కన 'చేయు' పెట్టి చూడండి. 'రిపోర్ట్ ప్రెజెంట్ చేశాడు' అతికింది కాబట్టి క్రియ, బరువు వెనక. 'ప్రెజెంట్ ఇచ్చాడు', 'ప్రెజెంట్ అయ్యాడు', 'ప్రెజెంట్ ఖాళీగా ఉన్నాడు' అన్నచోట 'చేశాడు' పెడితే అర్థం చెడుతుంది, కాబట్టి బరువు ముందు. మనం రోజూ కలగలిపి మాట్లాడే భాషే ఇక్కడ వ్యాకరణం నేర్పేస్తుంది. ఆరో తరగతి పిల్లలు కూడా దీన్ని ఇట్టే పట్టుకుంటారు.

మూడో మెట్టు: నోరు తిప్పండి

తెలుగులో ఊనిక మారినంత మాత్రాన మాట అర్థం మారదు. అందుకే ఇంగ్లిష్ ఊనిక మన చెవికి ఒక పట్టాన ఆనదు. అయితే మనకు గురులఘువులు తెలుసు. 'ప్రెజెంట్'ను గణవిభజన చేసి చూడండి. 'ప్రె' లఘువు. 'జెం' సున్నాతో ఎలాగూ గురువే, చివరి పొల్లు కూడా దానికే చేరుతుంది. లఘువు, గురువు: లగం. అంటే తెలుగు లిపిలో రాసుకుని చదివితే ప్రతిసారీ క్రియలాగే వినపడుతుంది. 'బర్త్‌డే ప్రిజెంట్' అని చాలామంది అనడం వెనక నాకు కనిపించే కారణం ఇదే.

కాబట్టి గుర్తు ఇలా పెట్టుకోండి: నామవాచకం, విశేషణం అయితే గలం, క్రియ అయితే లగం. ఇంగ్లిష్ ఊనిక, మన గురువు అచ్చంగా ఒకటే కాదు. అక్కడ గొంతు కాస్త పైకి లేస్తుంది, అచ్చు నిండుగా పలుకుతుంది, బరువు లేని ముక్క నలిగిపోతుంది. ఈ నలగడమే అసలు కిటుకు. 'ప్రెజంట్'లో రెండో ముక్కను 'జెంట్' అని నిండుగా పలకొద్దు. అచ్చును దాదాపు మింగేసి 'ప్రెజ్న్‌ట్' అన్నట్టు వదిలేయాలి. 'ప్రిజెంట్'లో మొదటి ముక్క పొట్టిగా 'ప్రి' అని జారిపోవాలి, 'జెంట్' గట్టిగా రావాలి.

ఇంకో తెలుగు అలవాటు, మాట చివర 'ఉ' చేర్చడం. మనది అజంత భాష, హల్లుతో ఆగడం మన నోటికి ఇష్టముండదు. బస్ బస్సైనట్టే ఇదీ 'ప్రెజెంటు' అవుతుంది, జగణమై మూడు సిలబుల్స్ తయారవుతాయి. తెలుగులో మాట్లాడేటప్పుడు అలా అనడంలో తప్పేమీ లేదు, అది మన భాష తీరు. ఇంగ్లిష్ చదివేటప్పుడు మాత్రం 'ట్' దగ్గర నాలుక ఆపేయాలి.

ఇక మధ్యలో ఉన్న అక్షరం. స్పెల్లింగులో 'ఎస్' ఉన్నా పలికేది 'జెడ్'. ఆ శబ్దానికి తెలుగులో అక్షరం లేదు, 'జ'తో సరిపెట్టుకుంటాం. హైదరాబాద్‌లో పుట్టి పెరిగినవాళ్ల చెవికి మాత్రం ఇది కొత్త కాదు. ఉర్దూ మాట్లాడేవాళ్లు 'నమాజ్', 'బాజార్' అన్నప్పుడు వినపడేది అదే. మొఅజ్జమ్ జాహీ మార్కెట్ పేరును ఉర్దూవాళ్ల నోట వినండి. ఏడో నిజాం రెండో కొడుకు మొఅజ్జమ్ జా పేరు మీద పెట్టిన ఆ పేరులో, మొదటి మాటలో ఉన్నది జెడ్ శబ్దం, రెండో మాటలో ఉన్నది మామూలు 'జ'. పళ్ల మధ్య గాలి జుమ్మని సాగితే జెడ్, నాలుక పైకి తగిలి విడిపోతే 'జ'. ఆ రెంటినీ ఒకదాని వెంట ఒకటి పదిసార్లు అనిపిస్తే పిల్లలకు తేడా నోటికే తెలిసిపోతుంది. ఆ తర్వాత 'ప్రెజంట్' అనిపించండి.

సాధనకు ఒక వాక్యం: 'షి విల్ ప్రిజెంట్ ద ప్రెజంట్ టు ద స్టూడెంట్స్ ప్రెజంట్.' ఆమె వచ్చిన విద్యార్థులకు కానుక అందజేస్తుంది అని. క్రియ, నామవాచకం, విశేషణం మూడూ ఇందులో ఉన్నాయి.

నాలుగో మెట్టు: సిలబుల్స్ లెక్క

సిలబుల్ అంటే మన అక్షరం కాదు. రాతలో 'ప్రె', 'జెం', 'ట్' మూడు కనిపిస్తాయి, సిలబుల్స్ మాత్రం రెండే. పొల్లును లెక్కపెట్టకూడదు, నోట్లోంచి వచ్చే అచ్చులనే లెక్కపెట్టాలి. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని మెల్లగా పలికితే, గడ్డం ఎన్నిసార్లు కిందికి దిగితే దాదాపు అన్ని సిలబుల్స్. మింగేసిన అచ్చు దగ్గర గడ్డం సరిగా దిగదు కాబట్టి 'ప్రెజంట్'కు ఈ కిటుకు కాస్త మోసం చేస్తుంది. నెమ్మదిగా సాగదీసి పలికి చూడండి.

ప్రెజంట్, ప్రిజెంట్ రెండూ రెండేసి సిలబుల్సే. 'ఎస్' చేరి బహువచనమైనా పెరగదు. భూతకాలంలో 'ఎడ్' చేరితే మూడు, ఎందుకంటే 'టి', 'డి' శబ్దాల తర్వాత ఆ 'ఎడ్'ను 'ఇడ్' అని విడిగా పలకాలి. 'వాక్డ్', 'టాక్డ్' లాంటి చోట్ల అది విడిగా పలకదు కాబట్టి ఒకటే. ప్రెజెన్స్ రెండు, ప్రిజెంటర్ మూడు, ప్రెజంట్లీ మూడు, ప్రెజెంటేషన్ నాలుగు, రెప్రెజెంటేటివ్ ఐదు. ప్రెజెంటేషన్‌లో బరువంతా 'టే' మీద పడుతుంది, రెప్రెజెంటేటివ్‌లో 'జెన్' మీద.

ప్రెజంట్లీ గురించి ఒక జాగ్రత్త. బ్రిటిష్ వాడుకలో దానికి 'ఇంకాసేపట్లో' అనే అర్థం బలంగా ఉంది. అమెరికాలోనూ మన ఆఫీసుల్లోనూ 'ఇప్పుడు' అనే వాడతారు. ఉత్తరాల్లో అనుమానం లేకుండా ఉండాలంటే 'ఎట్ ప్రెజంట్' అని రాయండి.

ఐదో మెట్టు: గీత ఎక్కడ

స్పెల్లింగులో ఏడు అక్షరాలు: పి, ఆర్, ఇ, ఎస్, ఇ, ఎన్, టి. నామవాచకం, విశేషణం అయితే పి-ఆర్-ఇ-ఎస్ తర్వాత గీత, కింది వరుసలో ఇ-ఎన్-టి. నాలుగు, మూడు. క్రియ అయితే పి-ఆర్-ఇ తర్వాత గీత, కింది వరుసలో ఎస్-ఇ-ఎన్-టి. మూడు, నాలుగు. అమెరికన్ నిఘంటువుల్లో పదం మధ్య చుక్కలు కూడా ఈ లెక్కనే ఉంటాయి.

కారణం తెలిస్తే బట్టీ పట్టక్కర్లేదు. రెండు అచ్చుల మధ్య ఒకే హల్లు ఉన్నప్పుడు, ముందున్న అచ్చు పొట్టిదై దాని మీద ఊనిక పడితే ఆ హల్లును అది తనవైపు లాక్కుంటుంది. నామవాచకంలో జరిగేది అదే. క్రియలో ఊనిక రెండో అచ్చు మీద ఉంది, అందుకే హల్లు అటు పోతుంది.

ఇంత పట్టింపు ఎందుకని అడగొచ్చు. 'రామునితో కపివరుండిట్లనియె' అనే పాదాన్ని 'రాముని తోక పివరుండిట్లనియె' అని విరిచి చదివితే ఏమవుతుందో మనకు చిన్నప్పుడే చెప్పారు. ఇంగ్లిష్ పాఠకుడి కంటికీ అదే గతి. వరుస చివర 'పి-ఆర్-ఇ' కనపడితే అది 'ముందు' అనే అర్థమిచ్చే ఉపసర్గ అనుకుంటాడు, కింది వరుసలో 'ఎస్-ఇ-ఎన్-టి' అంటే 'పంపిన' అని చదువుకుంటాడు. అది కానుక అని తెలిసేసరికి వెనక్కి వెళ్లి మళ్లీ చదవాలి. ఇంతకన్నా చిక్కైనది రిజైన్. 'ఆర్-ఇ' తర్వాత విరిస్తే 'మళ్లీ సంతకం' అనే వేరే మాటైపోతుంది. ఉద్యోగం వదిలేశాడని చెప్పాల్సినచోట ఒప్పందం మళ్లీ రాసుకున్నాడని అర్థమొస్తుంది. రికవర్, రిఫామ్, రిజెంట్ (మనసులో కోపం పెట్టుకోవడం) కూడా ఈ కోవలోవే. వీటిని విరవకుండా వదిలేయడమే క్షేమం.

పొడుగు మాటల దగ్గర అమెరికన్లు ఉచ్చారణను, బ్రిటిష్ వాళ్లు సంప్రదాయంగా పదం పుట్టుకను ఎక్కువగా పట్టించుకుంటారు. నాలెడ్జ్‌ను అమెరికన్లు 'ఎల్' తర్వాత విరిస్తే, బ్రిటిష్ పద్ధతిలో 'డబ్ల్యూ' తర్వాత విరుస్తారు. ప్రెజెంటేషన్ విషయంలో తగువు లేని చోటు ఒకటుంది: 'ఎన్'కు, 'టి-ఎ'కు మధ్య. ఏ పద్ధతి పాటించినా అక్కడ విరవొచ్చు.

నిఘంటువు చూసేటప్పుడు ఒకటి గమనించండి. పదం మధ్య చుక్కలు అచ్చువేసేవాళ్ల కోసం, ఉచ్చారణలో గుర్తులు పలికేవాళ్ల కోసం. రెండూ ప్రతిసారీ ఒకటి కావు. 'అబౌట్'లో రెండు సిలబుల్సున్నా మొదటి 'ఎ' ఒక్కదాన్ని వరుస చివర వదలరు. ఊనిక గుర్తుగా పైన ఉండే చిన్న నిలువు గీత, చాలా నిఘంటువుల్లో బరువున్న సిలబుల్‌కు ముందు వస్తుంది, కొన్నిట్లో మాత్రం తర్వాత ఉంటుంది. ఆబిడ్స్‌లో ఆదివారం పేవ్‌మెంట్ మీద, కోఠీలో పాత పుస్తకాల షాపుల్లో నిఘంటువు కొనేటప్పుడు ఈ మాటే తెరిచి చూడండి. నామవాచకానికి, క్రియకు విడివిడిగా ఉచ్చారణ ఇచ్చిందంటే అది కొనదగ్గ పుస్తకం.

ఆరో మెట్టు: కంప్యూటర్‌కు వదిలేయకండి

సాఫ్ట్‌వేర్ చూసేది అక్షరాలనే, అర్థాన్ని కాదు. ఈ సంగతి బాగా తెలిసినవాడు టెక్ అనే అక్షరకూర్పు ప్రోగ్రామ్ రాసిన డొనాల్డ్ నూత్. ఆయన దగ్గర స్టాన్‌ఫర్డ్‌లో పరిశోధన చేసిన ఫ్రాంక్ లియాంగ్, పదాలను యంత్రం ఎలా విరవాలో 1983లో తన థీసిస్‌లో తేల్చాడు. లిబ్రే ఆఫీస్ లాంటివి ఇప్పటికీ ఆ దారిలోనే నడుస్తున్నాయి. ఆ పద్ధతికి లొంగని పదాలకు టెక్‌లో 14 పదాల చిన్న జాబితా ఉంది. అందులో ప్రెజెంట్, దాని బహువచనం, ప్రాజెక్ట్, దాని బహువచనం అసలు గీతే లేకుండా ఉన్నాయి. నామవాచకమో క్రియో యంత్రానికి తెలియదు కాబట్టి విరవకుండా ఉంచారు. మీరు కూడా అనుమానం ఉన్నచోట అలాగే చేయండి.

వర్డ్‌లో లేఅవుట్ ట్యాబ్‌లో హైఫనేషన్ ఉంటుంది. ఆటోమేటిక్ బదులు మాన్యువల్ ఎంచుకుంటే ఒక్కో పదం దగ్గర ఆగి అడుగుతుంది. మీరే గీత పెట్టాలంటే కర్సర్ పెట్టి కంట్రోల్, హైఫన్ కలిపి నొక్కండి. మామూలు హైఫన్ కొట్టొద్దు. రేపు మార్జిన్ మారితే పదం వరుస మధ్యలోకి వచ్చి, ఆ గీత అలాగే ఉండిపోతుంది. కంట్రోల్‌తో పెట్టింది మాత్రం అవసరమైనప్పుడే కనపడుతుంది. ఇన్‌డిజైన్‌లో దానికి కంట్రోల్, షిఫ్ట్, హైఫన్.

తెలుగు, ఇంగ్లిష్ కలిసిన పేజీ అయితే ఇంకో పని. అను లాంటి పాత ఫాంట్లలో కూర్చిన తెలుగును సాఫ్ట్‌వేర్ ఇంగ్లిష్ అక్షరాలుగానే చూస్తుంది, ఎక్కడపడితే అక్కడ గీత పెట్టగలదు. ఆ పేరాలకు హైఫనేషన్ ఆపేసి, ఇంగ్లిష్ పేరాలకే పెట్టుకోండి.

శుభలేఖలు, సర్టిఫికెట్లు, 'ప్రిజెంటెడ్ టు' అని చెక్కే మెమెంటోలు, హెడ్డింగులు, మనుషుల పేర్లు, వీటిలో ఏ పదాన్నీ విరవొద్దు. చోటు చాలకపోతే అక్షరం సైజు తగ్గించండి. మామూలు పేజీలో కూడా వరుసగా రెండు లైన్లకు మించి చివర గీత రాకుండా చూసుకోండి, పేజీ ఆఖరి పదాన్ని విరవకండి.

ఇదే దారిలో మిగతావి

రికార్డ్, ప్రాజెక్ట్, ప్రోగ్రెస్, ప్రొడ్యూస్, డెజర్ట్, రిఫ్యూజ్ కూడా నామవాచకం అయితే హల్లు ముందు ముక్కకు, క్రియ అయితే వెనక ముక్కకు పోతాయి. ఎడారి అనే అర్థంలో 'డెజర్ట్', వదిలి వెళ్లిపోవడం అయితే 'డిజర్ట్'. చెత్త అనే అర్థంలో 'రెఫ్యూస్', కాదనడం అయితే 'రిఫ్యూజ్'. మినిట్ కూడా ఇలాంటిదే కానీ అందులో క్రియ బదులు విశేషణం వస్తుంది: నిమిషం అయితే 'మినిట్', సూక్ష్మమైనది అయితే 'మైన్యూట్'.

ఆబ్జెక్ట్, కాంట్రాక్ట్, కండక్ట్, పర్మిట్‌లలో ఊనిక అలాగే మారుతుంది కానీ గీత మారదు. మధ్యలో రెండో మూడో హల్లులున్నాయి కాబట్టి ఒకటి అటు, మిగతాది ఇటు పోతాయి. ఆర్టీసీ బస్సు కండక్టర్‌నూ ఆ లెక్కనే 'ఎన్' తర్వాత విరవొచ్చు.